నల్లపాడు మేడ మీద జుట్టు

ఐదో తరగతితో బడి మానేశాను. రాయడం ఇదే మొదలు. ఒత్తులూ దీర్ఘాలూ జారితే మీరే సరిచేసుకుని చదవండి.

గుంటూరు పక్కన నల్లపాడులో మాకు డాబా ఇల్లుంది. మా ఆయన పోయాక నేను పర్చూరులో తమ్ముడి దగ్గరే ఉంటున్నాను. పై వాటా యూనివర్సిటీలో చదివే ఇద్దరు ఆఫ్రికా అమ్మాయిలకు అద్దెకిచ్చాను. పోయిన శనివారం పక్కింటి సుబ్బాయమ్మ గారు ఫోన్ చేసింది. ఆదివారం వస్తే పదిమంది నల్లవాళ్లు, అందులో మగపిల్లలు కూడా, మేడెక్కి సాయంత్రం దాకా దిగరట. చెత్తలో జుట్టు చుట్టలు కనపడ్డాయట.

"చేతబడేమో ఖాసింబీ. వచ్చి ఖాళీ చేయించు" అంది.

కొత్త తాళం కప్ప కొని సంచిలో వేసుకున్నాను.

ఆదివారం ఏడింటికి చిలకలూరిపేట బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఊరికే. పక్కనామె మిరప కోతకు పోతోంది. సంగతి చెబితే, "జుట్టుతో ఆటలొద్దమ్మా, ముందు నిమ్మకాయలు కొనుక్కో" అంది. పేటలో ఇడ్లీ తిని, బిస్మిల్లా అనుకుంటూనే నాలుగు నిమ్మకాయలు కొన్నాను. అక్కడ బస్సు మారి, గుంటూరులో ఆటో ఎక్కి, పదిన్నరకు ఇంటికి చేరాను.

పిలవకుండా మెట్లెక్కాను. మేడ మీద ఒకడు మెడకు దుప్పటి చుట్టుకుని కూర్చుంటే, ఇంకొకడు మిషన్‌తో వాడి జుట్టు కత్తిరిస్తున్నాడు. మూలన స్టూలు మీద ఒక బక్కపిల్ల. మా ఇంట్లో అద్దెకుండే గ్రేస్ వెనక నిలబడి ఆ పిల్లకు సన్న జడలు అల్లుతోంది. పక్కన జుట్టు చుట్టలు.

"ఎవరి జుట్టిది?" అని గట్టిగానే అడిగాను.

గ్రేస్‌కి మూడేళ్లలో తెలుగు వచ్చింది. "కొన్నది ఆంటీ. షాపుల్లో మా జుట్టు చేయడం రాదంటారు. అందుకే ఆదివారం మేమే ఒకరికొకరం చేసుకుంటాం. క్లాసుకి ఎవరు రావట్లేదో కూడా ఇక్కడే తెలుస్తుంది."

ఆ బక్కపిల్ల కొత్తగా వచ్చిందట. బస్సులో ఎవరో నవ్వుతూ జుట్టు పట్టి లాగారట. పది రోజులుగా గది దాటలేదట. ఈ మేడ కూడా లేకపోతే ఊరికి తిరిగి వెళ్లిపోతానంటోందట.

నాకు నమ్మకం కుదరలేదు. ఒక చుట్ట తీసుకుని సాగదీసి చూశాను, వాసన చూశాను. సవరం. జ్వరం వచ్చి జుట్టు ఊడినప్పటి నుంచి నా జడలోనూ అదే ఉంది.

పక్కనే కూర్చుని ఒక్కో పాయా విడదీసి అందించాను. సంచిలో నిమ్మకాయలు చూసి గ్రేస్, "జ్యూస్‌కా ఆంటీ?" అంది. అవునన్నాను. చీకటి పడేలోపు మగపిల్లలు మేడ దిగాలని మాత్రం చెప్పాను. సరేనన్నారు. జడలు పూర్తయ్యేసరికి మూడైంది. ఆ పిల్ల అద్దంలో చాలాసేపు చూసుకుంది. రేపు క్లాసుకి వెళ్తానంది.

గేటు దగ్గర సుబ్బాయమ్మ గారు ఎదురు చూస్తోంది. ఏమైనా దొరికిందా అని అడిగింది.

"దొరికింది. సవరం" అన్నాను.

ఆమె చేయి తన కొప్పు మీదికి వెళ్లింది.

నాలుగున్నర బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్లో సంచి, సంచిలో తాళం కప్ప. ఆ పిల్లలను ఒక్కమాట అడక్కుండానే దీన్ని కొన్నాను. ఆ తప్పూ, ఈ రాతలో తప్పులూ కలిపి నన్ను మన్నించండి.