పోలండ్ పిల్లలకు చెప్పిన ముచ్చట

నేను మూడో తరగతి దాకా చదివాను. మంథని అవతల మా ఊళ్లో మిషన్ బడి మూతపడ్డాక మళ్లీ పలక పట్టింది లేదు. బైబిలు చదువుకోవడానికి, రేషన్ దుకాణంలో మోసపోకుండా ఉండడానికి ఆ చదువు చాలింది. ఇప్పుడిది రాస్తున్నది మా మనవరాలి సోషల్ నోటుబుక్కులో. సగం కాగితాలు తెల్లగా ఉండగా పుస్తకం పారేయడం మా ఇంట్లో లేదు. మొదటి కాగితాలు నాలుగైదు చింపేసి ఉన్నాయి. చింపింది ఆ పిల్లే. చింపించింది నేను.

మేముండేది మందమర్రిలో. మా ఆయన బొగ్గుబాయిలో ఏళ్ల తరబడి పనిచేసి, రిటైరు కావడానికి ఇంకా కొన్నేళ్లు ఉందనగా గుండె ఆగి పోయాడు. పనిలో ఉండగా పోయిన మనిషి కొడుక్కు ఉద్యోగం ఇస్తారు. మా వాడు అర్జీ పెట్టుకుని చాలా కాలమైంది. అందాకా అదే బాయి మీద కాంట్రాక్టు కూలీగా పోతున్నాడు. పని ఉన్న నాడు ఉంటుంది, లేని నాడు ఇంటికాడ కూర్చుంటాడు.

మనవరాలు అప్పుడు తొమ్మిదో తరగతి. వాళ్ల సర్కారు బడి గోడకు పెద్ద టీవీ లాంటి బోర్డు బిగించారు. సోషల్ టీచరమ్మ దాన్ని పోలండ్ దేశంలో ఒక బడితో కలిపింది. అక్కడిదీ బొగ్గు ఊరే, కాకపోతే బాయిలు మూతపడ్డాయట. మాకు అన్నం గంట దాటాక, వాళ్లకు పొద్దున బడి మొదలయ్యాక, రెండు వారాలకోసారి పిల్లలు ఒకరి ఊరి సంగతులు ఒకరికి ఇంగ్లీషులో చెప్పుకునేవారు. పుస్తకంలో లేనిది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకు రావాలి. అదే పాఠం.

"గోదారి గంగ అవతల మేనత్త ఊరి తొవ్వ తెల్వదు గని, నీకు పోలండ్ కావాల్నా?" అన్నాను.

"మేనత్త ఊళ్లె నెట్ రాదు నానమ్మా," అంది.

ఒకరోజు బడి నుంచి వచ్చి, బ్యాగు దించకుండానే నా పక్కన కూర్చుంది. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. పోలండ్ పిల్లలు ఆ రోజు తమ ఊరి బాయి ముందున్న నల్లరాతి గోడను చూపించారట. బాయిలో పనిచేసి పోయిన వాళ్ల పేర్లన్నీ దాని మీద చెక్కి ఉన్నాయట. ఒక పిల్ల తన ముత్తాత పేరు మీద వేలు పెట్టి చదివిందట.

"మన తాత పేరు యాడున్నది? సమాధి మీద సుత లేదు. ఉత్త సిలువ పాతిండ్రు."

"దేవునికి తెలుసు. చాలు."

"చర్చిల ఏమంటరో తెలుసా? ముసల్ది రాయికి సుత చెయ్యి ఇప్పుతలేదు అంటరు."

నన్ను పిసినారి అనడం కొత్త కాదు. కడిగిన పాల ప్యాకెట్లు ఎండేసుకుని దాచుకునేదాన్ని, ఆ మాటకు ఉలకను. కానీ ఆయన దగ్గర పిసినారితనం చేశానని ఆ పిల్ల నోటి నుంచి వినేసరికి తట్టుకోలేకపోయాను. ఎవరికీ చెప్పని ముచ్చట చాటలో బియ్యం పక్కకు నెట్టి చెప్పాను.

మా ఆయన ఉద్యోగం ఆయన పేరు మీద వచ్చింది కాదు. ఆయన పెదనాన్న కొడుకు, నాకు బావ, అతని పేరున పిలుపు వచ్చింది. బావ మొదటి రోజు బాయి దిగి, ఆ చీకటికి, పైకప్పు నుంచి రాలే మన్నుకు జడిసి, మధ్యాహ్నానికే పైకొచ్చి మంథని బస్సెక్కాడు. మళ్లీ దిగనన్నాడు. ఇంట్లో పెద్దలు కాగితం పాడుచేయడమెందుకని దాన్ని మా ఆయన చేతిలో పెట్టారు. ఆ రోజుల్లో అలా మారుపేర్ల మీద బాయి దిగినవాళ్లు ఇంకా ఉన్నారు. హాజరు పిలిస్తే బావ పేరుకు మా ఆయన పలికేవాడు. బతికినంతకాలం బాయి మీద ఒక పేరు, ఇంట్లోనూ చర్చిలోనూ ఒక పేరు.

ఇక తప్పు నాది. కొడుకును బడిలో వేయడానికి పోయిన నాడు సారు తండ్రి పేరు అడిగాడు. మా దిక్కు ఆడది పెనిమిటి పేరు నోట అనదు. పక్కనున్న వాళ్లెవరో అందిస్తారు. ఆ రోజు నా పక్కన ఎవరూ లేరు. ఆయన డ్యూటీలో ఉన్నాడు. బాయి మీద ఉన్న పేరే చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ పోయాను. తీరా నోరు తెరిచాక నా కొడుక్కు తండ్రిగా బావ పేరు చెప్పడానికి నాలుక తిరగలేదు. పెళ్లయ్యాక మొదటిసారి మొగని పేరు పలికాను. అసలు పేరు. దాంతో కొడుకు సర్టిఫికెట్లలో ఒక తండ్రి, బాయి కాగితాల్లో ఇంకో తండ్రి అయ్యారు.

అర్జీ ఆగింది అందుకే. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని, ఒకటి ఇంటి పిలుపని వకీలుతో కాగితం రాయించి పెట్టాము. ఆ పేరు గల బావ వేరే ఉన్నాడని, ఇప్పటికీ మా ఊళ్లో వరి వేసుకుంటున్నాడని తెలిస్తే ఇక ఉద్యోగం రాదు. ఇంటి పిలుపని రాయించిన పేరే రాతి మీద అసలు పేరుగా కనబడితే విచారణలో అడ్డమొస్తుందని వకీలన్నాడు. బాయి పేరు చెక్కించడానికి నాకు మనసొప్పలేదు. అందుకే ఉత్త సిలువ.

పిల్ల అప్పుడు బ్యాగు దించింది. తర్వాత, "గిది క్లాసుల చెప్పనా నానమ్మా?" అంది.

"ఇంగ్లీషులనే గదా చెప్పేది?"

"అవు."

"అట్లయితే చెప్పు. తెలుగుల మాత్రం ఎవ్వలకు చెప్పకు."

నా తెలివి అంతవరకే పారింది. పోలండ్ ఎక్కడ, మా బాయి ఆఫీసు ఎక్కడ అనుకున్నాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఎక్కడో ఒకచోట, ఎవరో కొందరు ఆయన అసలు పేరు వినాలని నాకూ ఉండింది.

నాలుగైదు కాగితాలు రాసుకుని పోయి చెప్పింది. అక్కడి పిల్లలు మెదలకుండా విన్నారట. ఇంటికొచ్చాక పోలండ్ పిల్ల తాత పేరును ఎలా పలికిందో పలికి చూపించింది. వంకరగా ఉన్నా నాకు బాగుంది.

రెండు రోజులకు కొడుకు పని నుంచి వచ్చి చెప్పులు విడవకుండానే ఫోను నా ముందు పెట్టాడు. తెర మీద మనవరాలు. ఆమె ఒక్కో మాట ఇంగ్లీషులో చెబుతుంటే, మిగతా పిల్లలకు అర్థం కావాలని టీచరమ్మ వెంట వెంటనే తెలుగులో చెబుతోంది. ఆ వీడియోను తల్లిదండ్రుల గ్రూపులో పెట్టారట.

"మా జోడుపనోడు ఏమన్నడో ఎరుకేనా అవ్వా? నీ బిడ్డ మస్తు చెప్పిందిరా, ఇగ నీ నౌకరి పోలండ్‌ల అడుక్కో అన్నడు. వచ్చే నెల విచారణ ఉన్నది."

వాడు అరవలేదు. అరిచినా బాగుండేది. నేను మనవరాలి వైపు తిరిగాను.

"నోట్ల నువ్వుగింజ ఆగదానే నీకు? తండ్రి బతుకు బజార్ల పెడ్తివి."

"నువ్వే చెప్పుమంటివి గదా నానమ్మా."

అవును, నేనే చెప్పమన్నానని అనాల్సింది. కొడుకు నా ముఖం వైపే చూస్తున్నాడు. నేను చాట తీసుకుని వంటింట్లోకి పోయాను. ఆ పూట పిల్ల అన్నం తినలేదు. వాడు కూడా ఆమెను పిలవలేదు.

తెల్లారి బడికి పోయాను. టీచరమ్మ నా ముందే వీడియో తీసేసింది. పాపం, కుర్చీ నా వైపు జరిపింది.

"నాకు తెలియదమ్మా. ఎంత మంచిగా చెప్పిందో అనుకున్న. కానీ అక్కడోళ్లు దీన్ని వాళ్ల బడి పుస్తకంల వేస్తమంటున్నరు. ఏం చెప్పమంటరు?"

"పిల్లకు తెల్వక చెప్పిందని చెప్పుండ్రి."

"నేను చెప్తే కాదు. వాళ్లు ఆమెనే అడుగుతరు."

"అట్లయితే ఆమెనే చెప్తది."

తర్వాతి క్లాసుకు నేను కూడా పోయి వెనక బెంచీ మీద కూర్చున్నాను. చెబుతుందో లేదోనన్న అనుమానంతోనే పోయాను. బోర్డు నిండా తెల్లటి ముఖాలు, వాళ్ల కిటికీ బయట మంచు. మనవరాలు లేచి కాగితం లేకుండా మాట్లాడింది. పోయినసారి తాను చెప్పింది తప్పని, తాతకు ఉన్నవి రెండు పిలుపులేనని టీచరమ్మ తెలుగులోకి మార్చింది. ముత్తాత పేరు చూపించిన పిల్ల చెయ్యెత్తి ఏదో అడిగింది. దాన్ని మాత్రం టీచరమ్మ తెలుగులోకి మార్చలేదు. నేను ముందు బెంచీ పిల్లను గోకి అడిగాను.

"మరి బాయి నుంచి ఉరికిన మనిషి ఎవ్వలు అంటున్నది అవ్వా."

మనవరాలు వెనక్కి తిరిగి నన్ను చూసింది. తర్వాత బోర్డు వైపు తిరిగి చిన్న మాటలో జవాబు చెప్పింది. దాన్ని నాకు ఎవరూ మార్చి చెప్పనక్కర్లేకపోయింది. అలాంటి మనిషి లేడని చెప్పింది. ఏటా పంట రాగానే మాకు బియ్యం పంపే బావను. టీచరమ్మ కిటికీ తలుపు సరిచేస్తూ మా ఇద్దరికీ వీపు పెట్టి నిలబడింది.

ఇంటికొచ్చి ఆ కాగితాలు చింపమన్నాను. చింపి నా చేతికే ఇచ్చింది. పొయ్యిలో వేశాను.

విచారణకు వచ్చినవాళ్లు వీడియో మాట ఎత్తలేదు. చూశారో లేదో తెలియదు. మూడు నెలలకు ఉద్యోగం కాగితం వచ్చింది. కొడుకు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, తండ్రి ఫోటో వెనక పెట్టాడు. దాని మీద తండ్రి పేరు దగ్గర బావ పేరు ఉంది.

"ఇప్పుడన్న రాయి పెడుదామా అవ్వా? ఏ పేరు చెక్కియ్యమంటవ్?" అని అడిగాడు.

చూద్దాం అన్నాను. ఇంకా చూస్తూనే ఉన్నాను. సిలువ చెక్కకు కింద చెదలు పట్టింది.

మనవరాలు పదికి వచ్చింది. పోలండ్ క్లాసులు ఇంకా జరుగుతున్నాయి, ఆమె వెనక బెంచీలో కూర్చుంటుందట. మొన్న పప్పు ఏరుతూ, నేను చదివిన మిషన్ బడి సంగతి ఏదో మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందుగాల ఒకటి చెప్పు నానమ్మా. ఇది చెప్పే ముచ్చటనా, చెప్పని ముచ్చటనా?"

కోపంగా అడగలేదు. గిన్నె కడగాలా వద్దా అని అడిగినట్టే అడిగింది. నేను పప్పులో రాళ్లే ఏరుకున్నాను. ఆమె లేచి, ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆపేసి, చదువుకోవడానికి బయటికి పోయింది.