ఎర్రయ్య రెజిన్ పూసిన నట్లు

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను పలాసలో ఒక సేవాసంస్థ వాహనాల షెడ్డుకు ఫోర్‌మన్‌గా వేశారు. నా సర్వీసులో అదే ఆఖరి పోస్టింగు. నా కింద ఇద్దరు మెకానిక్కులు, ఒక వెల్డరు. ఉన్న బళ్లలో ముఖ్యమైనది డయాలసిస్ వ్యాను. వజ్రపుకొత్తూరు అవతలి సముద్రపు పల్లెల నుంచి కిడ్నీ రోగులను పొద్దున్నే పలాస తెచ్చి, రక్తం శుద్ధి అయ్యాక మళ్లీ ఇళ్ల దగ్గర దింపడం దాని పని.

ఆ వ్యానులో స్టెప్నీ, అంటే అదనపు టైరు, లోపలే వెనక సీటు ముందు నేల మీద పడి ఉండేది. బండి కింద వేలాడదీసే ఏర్పాటును ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది. ఆ సీటులో కూర్చునేది ఎర్రయ్య. ఒకప్పుడు సొంత ఫైబరు తెప్ప మీద వేటకు వెళ్లిన మనిషి. జబ్బు చేశాక తెప్పను తమ్ముడికి వదిలేశాడు. డయాలసిస్ అయిన రోజు అతని పిక్కలు పట్టేసేవి. కాళ్లు చాపుదామంటే టైరు అడ్డం. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఇల్లు చేరేవాడు.

ఒకరోజు షెడ్డుకే వచ్చాడు. "బాబూ, సూది నొప్పయితే ఓర్సుకుంతన్నాను గానీ ఈ టైరు తోటి కాల్లు సాపుకోలేకపోతన్నాను. దీన్ని బయటెక్కడైనా తగిలించలేరేటి?" అన్నాడు.

తగిలించవచ్చు. ఎలా తగిలిస్తామన్నదే ప్రశ్న. వెనక తలుపుకు నాలుగు బోల్టులు వేసి బిగించేస్తే పూట పని అన్నాడు మా వెల్డరు. బోల్టంటే బోల్టే కదా అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తలుపు చూడటానికి గట్టిగా ఉంటుంది గానీ అది రెండు పలుచని రేకులు, మధ్యలో ఖాళీ. బండి నిలబడి ఉన్నప్పుడు టైరు బరువు ఒకటి, గోతిలో పడి లేచినప్పుడు రేకు మీద పడే దెబ్బ ఇంకొకటి. ఆ దెబ్బలకు కన్నం అంచున జుట్టంత బీట పుడుతుంది. అది పెరిగి పెరిగి ఒకనాడు టైరు రేకుతో సహా ఊడి వెనక వచ్చే మోటారు సైకిలు మీద పడుతుంది. పెద్ద వాషర్లు వేసినా ఆ బీట కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

కాబట్టి తలుపు లోపల ఒక ఇనప ప్లేటు, బయట ఒక ప్లేటు పెట్టించి రేకును మధ్యలో పట్టించాను. బోల్టు బిగించినప్పుడు ఖాళీ తలుపు నొక్కుకుపోకుండా ప్రతి కన్నంలోనూ ఒక గొట్టపు ముక్క. లోపలి ప్లేటును మడతబందుల వైపు తలుపు చట్రం దాకా లాగి వెల్డు చేయించాను. బరువు మోయాల్సింది చట్రం, రేకు కాదు. స్టీలు బోల్టులు తుప్పు పట్టవు కదా అని ఆఫీసులో అడిగారు. స్టీలు తుప్పు పట్టదు నిజమే, కానీ దానికి తగిలిన మామూలు ఇనుము ఉప్పు చెమ్మలో తొందరగా తుప్పు తినేలా చేస్తుంది. అందుకని జింకు పూత వేసిన, తల మీద 8.8 అని అచ్చు ఉన్న బోల్టులు తెప్పించాను. ఆ అంకె బోల్టు బలానికి గుర్తు. వాటికి అదురుకు వదులవకుండా లోపల నైలాను చుట్టు ఉన్న నట్లు. ఇవి శాశ్వతం. టైరును మాత్రం మూడు మామూలు నట్లతో బిగించాం. పంక్చరైతే బండిలో ఉన్న పానాతోనే ఊడదీయాలి కాబట్టి.

మొదటి ప్రయాణంలో ఎర్రయ్య కాళ్లు బారుగా చాపుకుని, "అబ్బో! నా తెప్పలో తొంగున్నట్టే ఉంది బాబూ" అన్నాడు. అంత సంతోషంగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. నాకూ గర్వంగానే ఉండింది, ఎందుకు దాచాలి?

వ్యాను రాత్రి పూట ఎర్రయ్య ఊళ్లోనే ఉండేది. డ్రైవరు దాలినాయుడిది కూడా ఆ ఊరే. ఎర్రయ్యను మావా అని పిలిచేవాడు. వానలు మొదలయ్యే ముందు ఆ పల్లెల్లో తెప్పలన్నీ ఒడ్డుకు లాగి బీటలకు రెజిన్ పూస్తారు. రెజిన్ అంటే ఆరాక రాయిలా గట్టిపడే జిగురు. తెప్ప మీద నట్టు కనిపిస్తే దాన్ని కూడా రెజిన్‌తో మూసేసి పైన రంగు వేయడం వాళ్ల పద్ధతి. సముద్రంలో నట్టు ఊడకూడదు, ఉప్పు తగలకూడదు. అక్కడ అది సరైన పని.

ఆ ఏడు తమ్ముడి తెప్పకు పూయగా మిగిలిన రెజిన్‌ను ఎర్రయ్య మా వ్యాను వెనక పూశాడు. ప్లేట్లకు, బోల్టులకు, టైరు నట్లు మూడింటికీ. పైన నీలం రంగు. మావ ముచ్చట పడ్డాడని దాలినాయుడు ఊరుకున్నాడు. చూడటానికి ముద్దుగానే ఉందట. నెల తనిఖీకి బండి ఇంకా నా దగ్గరకు రాలేదు.

జీడితోటల మధ్య ఒక ఉదయం టైరు పంక్చరయింది. లోపల ఎర్రయ్యతో పాటు మరో నలుగురు రోగులు. స్టెప్నీ దింపుదామంటే దాని నట్లు రెజిన్ కింద ఉన్నాయి, పానా వాటి మీద కూర్చోలేదు. సుత్తితో కొట్టి కూర్చోబెట్టి తిప్పితే నట్టు అంచులు అరిగిపోయాయి. దాలినాయుడు నాకు ఫోను చేశాడు. "నట్టు తిరగట్లేదు సార్, రాయైపోనాది" అన్నాడు. ఆ వెనకే ఎర్రయ్య గొంతు వినబడింది: "నా సేతుల్తోనే మూసీసినాను గదరా!"

నట్లు కోయడానికి హాక్సా రంపం పట్టుకుని బయలుదేరాను. ఈలోగా ఒక ఆటో దొరికింది. అందులో నలుగురికే చోటు. ఎర్రయ్య ఎక్కలేదు. "ముందు ఆల్లని ఎల్లనీయండి. నాను సేసిన పనికి ఆల్లెందుకు బలవ్వాల?" అని రోడ్డు పక్కనే కూలబడ్డాడట. నేను చేరేసరికి ఆయాసంతో మాట రావడం లేదు. నా జీపులోనే తీసుకెళ్లాను. డయాలసిస్ ఆలస్యమైంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, శ్రీకాకుళం పంపాల్సి వచ్చింది. బతికాడు.

తిరిగి వచ్చాక కూడా అదే వ్యాను, అదే సీటు. ఎదురుగా నేలంతా ఖాళీ. ఎర్రయ్య మాత్రం మోకాళ్లు ముడుచుకునే కూర్చునేవాడు. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. కాళ్లు చాపుకో ఎర్రయ్యా, నీ కోసమే కదా ఇదంతా చేసింది అని నేను బతిమాలాను. "వొద్దు బాబూ, ఇలగే బాగుంది" అన్నాడు. మరో వేసవి రాకుండానే జబ్బు అతన్ని తీసుకుపోయింది. చివరి ప్రయాణం వరకు ఆ కాళ్లు చాపలేదు. దానికి నా దగ్గర ఏ పనిముట్టూ లేకపోయింది. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను బిగించిన ప్రతి స్టెప్నీ క్యారియరుకూ ఊడదీయాల్సిన నట్లకు ఎరుపు, ఊడదీయకూడనివాటికి నలుపు వేయించాను. ఆ తేడా డ్రైవరుకు ఒక్కడికే చెబితే చాలదు. బండి మీద ప్రేమ ఉన్నవాళ్లందరికీ చెప్పాలి.