తోలు తీయని అనపగింజలు

నానిన అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే లోపలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. తోలు వేళ్ళ మధ్య మిగిలిపోతుంది. చూడ్డానికి ఇంతే. ఎక్కడ, ఎంత నొక్కాలో తెలియకపోతే మాత్రం పప్పు చితికిపోతుంది, లేదా పక్కావిడ కొంగు మీద పడుతుంది. మారతహళ్ళిలో నేను అద్దెకున్న వఠారంలో ఆడవాళ్ళు వేళ్ళవైపు చూడకుండానే ఈ పని చేసేవారు. ఇలా పితికిన పప్పుతో చేసే కూర కోసం చలికాలమంతా ఎదురుచూసేవారు. ఇదంతా నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యానికి మూల్యం నేను చెల్లించలేదు. ఇంకొకరు చెల్లించారు.

తొంభైల చివరి సంవత్సరాలవి. మారతహళ్ళికి అప్పటికింకా పల్లెటూరి పోకడ పోలేదు. నేను గుంటూరు వైపు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో చేరాను. మా వఠారంలో మధ్యన వాకిలి, చుట్టూ ఐదు చిన్న ఇళ్ళు, అందరికీ కలిపి ఒకే కొళాయి. ఇంటివాళ్ళు తరతరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళు. పెద్దావిడను అందరూ అవ్వ అనేవారు, నేనూ అలాగే అన్నాను. ఆమె కోడలు నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. అక్కా అని పిలిచేవాణ్ణి. కొడుక్కి ఫ్యాక్టరీలో షిఫ్టులు, పగలు ఇంట్లో కనబడేవాడు కాదు.

అది నాకు అక్కడ మొదటి చలికాలం. శనివారం సాయంత్రాలు వాకిట్లో గోనెపట్ట మీద అనపకాయలు కుప్పపోసి అందరూ ఒలుస్తుంటే చూసేవాణ్ణి. గదంతా ఒక జిడ్డు పరిమళం నిండేది. అది నచ్చిందో లేదో తేల్చుకోలేకపోయేవాణ్ణి. ఆదివారాలు పొద్దున్నే స్నేహితుల దగ్గరికి వెళ్ళిపోయేవాణ్ణి గనక, ఒలిచిన గింజల్ని రాత్రంతా నానబెట్టి మర్నాడు మళ్ళీ ఇంకో తోలు తీస్తారన్న సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో చిక్కుడు గింజల్ని తోలుతోనే వండేవాళ్ళం. ఒక గింజకు రెండుసార్లు ఒలుపుడు ఎందుకన్న ప్రశ్న పుట్టే అవకాశమే లేకపోయింది.

ఒక ఆదివారం జలుబు చేసి ఇంట్లోనే ఉండిపోయాను. స్నానం చేసి వచ్చేసరికి గుమ్మంలో మూత పెట్టిన స్టీలు గిన్నె ఉంది. మూత తీస్తే నీళ్ళలో ఉబ్బిన పచ్చటి గింజలు. ఒంటరివాడు కదా, పాపం వండుకుంటాడని ఇచ్చారనుకున్నాను. మనసు నిండిపోయింది. కిరోసిన్ స్టవ్ మీద ఉప్పేసి ఉడకబెట్టి, ఎండుమిరపకాయలు, ఆవాలు, కరివేపాకుతో పోపు పెట్టి గుగ్గిళ్ళు చేసుకున్నాను. తోలు రబ్బరులా సాగింది. వీళ్ళు దీన్ని ఇంత ఇష్టంగా ఎలా తింటారా అని ఆలోచిస్తూనే రెండు ప్లేట్లు తిన్నాను. మిగిలినవి వెనక గోడ అవతల కట్టేసిన ఆవుకు పెట్టాను.

వాకిట్లో మాటలు అప్పుడు వినపడ్డాయి. ఆ రోజు అవ్వ కూతురి అత్తగారి తరఫువాళ్ళు భోజనానికి వస్తున్నారు. పప్పు చేసే పని అవ్వ మొదటిసారిగా కోడలికి వదిలింది. గింజలు ఎక్కువయ్యాయని ఇంటికో గిన్నె పంచారు. ఎవరి వాటా వాళ్ళు పితికి తెచ్చి వాకిట్లో పొయ్యాలి. పితికినవాళ్ళందరికీ ఆ పూట అవ్వ ఇంట్లోనే భోజనం.

"ఏమే, గిన్నెలు ఐదు ఇస్తివి కదా, నాలుగే వచ్చుండాయి?" అంది అవ్వ.

"ఆ అబ్బాయి గడపలో పెట్టినా అత్తా. స్నానానికి పోయుండాడు, చెప్పేదానికి కాలేదు."

అక్క నా తలుపు దగ్గరికి వచ్చింది. "తమ్ముడా, పితికేకి గింజలు పెట్టింటి. అయిపోయిందా?"

ఆ ఒక్క మాటతో నాకు అంతా అర్థమైంది. ఖాళీ గిన్నె నా వెనకే స్టవ్ పక్కన ఉంది. నేను తలుపును ఇంకాస్త దగ్గరికి లాగాను.

"గిన్నెనా? నేను చూళ్ళేదక్కా."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యం. నేనేమీ భయస్తుణ్ణి కాదు. నిజం చెబితే వాళ్ళు తిట్టేవారూ కాదు. చదువుకున్నవాడికి తినడం కూడా తెలియదని నవ్వుతారేమోనన్న సంకోచం, అంతే. అంత చిన్నదాని కోసం మనిషి అబద్ధమాడతాడా అని ఎవరైనా అడిగితే, నేను ఆడాను. పోపు వాసన ఆమెకు తగలకుండా ఉంటుందా అని మాత్రం ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆమె తిరిగి వెళ్ళింది. వాకిట్లో అక్క వాళ్ళమ్మ కూడా కూర్చుని పితుకుతోంది. భర్త పోయాక రెండు వీధుల అవతల ఒక్కతే ఉండేది. అనపకాయల కాలంలో ప్రతి ఆదివారమూ వచ్చి, పితికి, వియ్యపురాలి పక్కనే కూర్చుని తిని వెళ్ళడం ఆమెకు ఏళ్ళ అలవాటట. ఆ పొద్దున కొత్తిమీర తెస్తానని మధ్యలో ఒకసారి ఇంటికి వెళ్ళొచ్చింది.

అవ్వ ఆమె వైపు చూడకుండానే అంది: "గిన్నెకి కాళ్ళొచ్చినాయా? రెండు వీధులు దాటిపోయింటుందిలే. కన్నతల్లి కదా, ఒక్కతే ఉండాది, తల్లికి పెట్టాలని బిడ్డకి ఆశ ఉంటుంది."

"అత్తా! ఏం మాటలవి?"

"నువ్వు సుమ్నే ఉండు, మాట్లాడొద్దు. ఇంటికి పోయొచ్చింది నేను చూడలేదా?"

అక్క వాళ్ళమ్మ ఒళ్ళోని తోళ్ళు దులుపుకుని, కొళాయి దగ్గర చేతులు కడుక్కుంది. "పని ఉండాది" అని వెళ్ళిపోయింది. అవ్వ లేచి కోడలితో, "నువ్వు అన్నం చూసుకో. పప్పు నేను చేస్తా" అంది. తలుపు సందులోంచి నేనిదంతా చూశాను. చూస్తూ ఉండిపోయాను.

మధ్యాహ్నం నాకూ ఒక పళ్ళెం వచ్చింది. పితకకపోయినా వఠారంలో ఉండేవాడే కదా అని అవ్వే పంపింది. రాగిసంగటి, పైన పితికిన పప్పు. కొబ్బరి, ధనియాలు, లవంగం వాసన. గింజ నాలుక మీద వెన్నలా కరిగింది. పొద్దున నేను రబ్బరులా నమిలింది దీన్నేనా? ఒక్క తోలు తీస్తే ఇంత మారుతుందా? ఒకదాని తర్వాత ఒకటి పరీక్షగా తిన్నాను. ఆ వింతలో పడి ఒక మనిషి తినకుండా లేచిపోయిన సంగతి కాసేపు మరిచిపోయాను కూడా.

గిన్నెను మంచం కింద దాచాను. మూడు రోజులు అది అక్కడే ఉంది. బుధవారం పొద్దున్నే, కంపెనీ బస్సుకు వెళ్తూ, ఎవరూ లేనప్పుడు కొళాయి పక్కన బట్టలుతికే బండ మీద పెట్టేశాను. గిన్నె దొరికితే గొడవ చల్లారుతుందనుకున్నాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి అవ్వ వాకిట్లో పెద్ద గొంతుతో అంటోంది: "చూసినారా? తిని, శుభ్రంగా కడిగి, పంపించినారు!"

అక్క కొళాయి దగ్గర బిందె నింపుకుంటోంది. బిందె నిండి పొర్లుతున్నా కట్టడం లేదు. ఇక ఆగలేకపోయాను. దగ్గరికి వెళ్ళి కొళాయి కట్టి, మెల్లగా అంతా చెప్పాను.

ఆమె నావైపు తిరిగింది. "తోలుతోనే తింటివా?"

"ఊఁ."

ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నవ్వొస్తాది నాకు, ఏం చేసేది! నాకు చెప్తే ఏమొస్తుందప్పా? నేను దొంగని కాదని నాకు తెలుసు."

అవ్వ దగ్గరికి వెళ్ళాను. వఠారమంతా వింటుండగా చెప్పాను. అవ్వ చెంప మీద చెయ్యేసుకుంది. "అయ్యో, తోలుతోనా? కడుపు నొయ్యలేదా నీకు?"

అందరూ నవ్వారు. ఆ వారమంతా నా పేరు తోలప్ప. "ఏమప్పా తోలప్పా, ఊటమైందా? అరటిపండు ఒలిచే తింటివా?" అనేవారు. ఊటమంటే వాళ్ళ మాటలో భోజనం. శిక్ష అంతటితో సరిపోతుందని సంతోషించాను కూడా. అవ్వ కోడలికి క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. శనివారం గింజలు నానబెడుతూ, ఎటో చూస్తూ, "రేపు పప్పు నువ్వే చెయ్యి" అంది. అక్క తల ఊపింది.

తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఇంకొక ఇల్లు ఉండాది కదా" అంది.

ఆ సాయంత్రమే వెళ్ళాను. అక్క వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబడి విన్నది. నేను చెప్పడం అయ్యాక, "సరేలేప్పా. తెలీక తింటివి" అంది.

"తినడం తెలియక తిన్నానమ్మా. చెప్పకపోవడం మాత్రం తెలిసే చేశాను."

"అది నిజమే" అంది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు.

మర్నాడు వాకిట్లో నేనూ కూర్చున్నాను. నా పప్పులో సగం చితికిపోయింది. పది గంటలకు అక్క వాళ్ళమ్మ వచ్చింది. అవ్వ జరిగి చాప మీద చోటిచ్చింది. ఆమె కూర్చుని గిన్నె ముందుకు లాక్కుంది. నేను ఆమె వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. అంత వేగంగా పితికేవాళ్ళు వఠారంలో ఇంకెవరూ లేరు. అంతా సర్దుకుందనుకున్నాను.

పప్పు ఉడికాక అవ్వ విస్తళ్ళు పరిచింది. "రామ్మా, ఊటానికి కూచో. నీ బిడ్డే చేసింది."

"ఇంట్లో తినొచ్చినా."

"స్వల్పం రుచి చూడు."

"తినొచ్చినా అంటిని కదా."

చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

నేను ఆ వఠారంలో ఇంకా రెండు చలికాలాలు ఉన్నాను. అక్క వాళ్ళమ్మ ప్రతి ఆదివారమూ వచ్చింది, అందరికంటే ఎక్కువ పితికింది, ఒక్కసారి కూడా విస్తరి ముందు కూర్చోలేదు. అవ్వ పిలవడం మానలేదు. పిలిచినప్పుడల్లా అవ్వ గొంతు ఇంకాస్త తగ్గేది. ఆమెను పిలవడం అయ్యాక నావైపు తిరిగి, "నువ్వన్నా కూచోప్పా" అనేది.

నేను కూర్చునేవాణ్ణి. కడుపునిండా తినేవాణ్ణి.