చిన్నమ్మ వేళ్లు, నా పంపుల పాఠం

ఆ రోజుల్లో కామారెడ్డిలో డిగ్రీ చదువుతూ, కొత్తగా జీవకణం పాఠం విన్నవాడికి నోరు మూసుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. శనివారం రాగానే ఎల్లారెడ్డి బస్సెక్కి చిన్నమ్మ ఇంటికి పోయేవాణ్ణి. ఆ వారం విన్నదంతా ఆమె నెత్తిన పోసేవాణ్ణి (పాపం, ఒళ్లో బీడీల చాట పెట్టుకున్న మనిషి లేచి పారిపోలేదు కదా!). అంతకు మూడు నెలల ముందే ఆమె గొంతులో గడ్డ తీసేశారు. కాల్షియం గోలీలు ఒక్కపూట కూడా మానొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆమెకేమో వాటిని చూస్తేనే కడుపులో తిప్పేది.

"ఈ సున్నం గోలీలు ఇంకెన్ని రోజులు మింగాలెరా?" అంది ఒకరోజు. నేను అందుకున్నాను. కణం పొరలో కాల్షియాన్ని బయటికి తోసే పంపులుంటాయనీ, లోపల కాల్షియం పెరగగానే ఒక ప్రోటీన్ దాన్ని పట్టుకుని పోయి పంపుకు జోరు తెస్తుందనీ, తగ్గగానే పంపు నెమ్మదిస్తుందనీ చెప్పాను. "మన బోరు మోటారుకు ఆటో స్టార్టర్ ఉన్నట్లే చిన్నమ్మా. ఎవ్వలు పోయి బటన్ ఒత్తే పని లేదు. అంతా ఒళ్లే చూసుకుంటది."

"గట్లనా! మరి గోలీలెందుకు?"

"అంత అవసరం లేదనుకుంట" అన్నాను. (అనుకుంట! ఆ ప్రశ్నకు పరీక్షలో సగం మార్కులు కూడా రానివాణ్ణి.) ఆమె నమ్మి మానేసింది.

మళ్లీ శనివారం నేను వెళ్లేసరికి మూతి చుట్టూ తిమ్మిరిగా ఉందంటోంది. బీడీ ఆకు చుట్టబోతుంటే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుని లోపలికి ముడుచుకుపోయాయి. నేను లాగినా విడలేదు. "ఇగ నాతోటి బీడీలు చేసుడు అయితదారా?" అని ఏడ్చింది. ఆ చేతులే ఆమె బతుకు. దొరికిన కారులో కామారెడ్డి చేరేదాకా నాకు ఏ పాఠమూ గుర్తుకు రాలేదు, దేవుళ్లే గుర్తుకొచ్చారు.

డాక్టర్ కాల్షియం ఎక్కిస్తూ నా కథంతా విన్నాడు. "స్టార్టర్ మంచిదే బాబూ. బోరులనే నీళ్లు లేకుంటే అదేం చేస్తది? నెత్తురుల కాల్షియం నిలబెట్టే గ్రంథులు ఆ గడ్డ పక్కనే ఉంటయి, ఆపరేషన్ల దెబ్బతిన్నయి. గోలీలు అందుకే." భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

కాసేపటికి వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. చిన్నమ్మ వాటిని ఆడించి చూసుకుంది. నన్ను దగ్గరికి పిలిచి, చెవి పట్టి గట్టిగా మెలిపెట్టింది. "పట్టు వచ్చిందిరా!" అంది సంబరంగా. నేను భోరుమన్నాను. నొప్పికనుకుని వదిలేసింది. ఇంకాసేపు మెలిపెట్టి ఉంటే బాగుండేదని ఈ వయసులోనూ అనిపిస్తుంటుంది.