రాణికి వెయ్యని కుర్చీ

బడికి వెళ్లకుండా నాన్న దగ్గరే చదువుకున్న నేను, ఆడపిల్లల కోసం ఆఫ్రికా రాణుల కథలు రాస్తుంటాను. ఓ ఆదివారం మధురవాడలో మా అపార్ట్‌మెంట్ హాల్లో పిల్లలకు అంగోలా రాణి కథ చదువుతున్నాను. పరాయి దొర కుర్చీ వెయ్యకపోయినా ఆమె తల వంచలేదనే చోటికి వచ్చేసరికి అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ గారు ఊడిపడ్డారు.

"ఏటమ్మా, మన సీతమ్మోరి కతలు అయిపోనాయేటి? బడి మొగం సూడనోళ్లు కూడా పుస్తకాలు రాసెత్తన్నారు!" అంటూ కుర్చీలన్నీ తీయించేశారు.

సింహాద్రి అప్పన్నను తలచుకున్నాను.

"సీతమ్మోరికి రోజూ దీపం పెడతన్నాను బాబూ. ఈ కత మాత్రం ఆపను" అని నేల మీదే కూర్చున్నాను.

"రాణికి కూడా కుర్చీ ఎయ్యలేదు కదా ఆంటీ, సదవండి!" అంటూ ఓ పాప నా పక్కన చేరింది. ఆ వెనకే అందరూ.

ఆ రోజు నాకు ధైర్యమిచ్చిన స్వామికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. కథ మాత్రం ప్రతి ఆదివారం అక్కడే, నేల మీదే.