అత్త తలకు నా వైద్యం

నిక్షేపంలాంటి ధైర్యంతో సొంత మేనత్తను భూగోళంలా తిప్పి పారేసినవాణ్ణి మీరెప్పుడూ చూసి ఉండకపోతే, ఇదుగో, నేనే.

కొన్నేళ్ల కిందట మంచం మీద పక్కకు ఒత్తిగిలితే చాలు, నాకు ఇల్లంతా గిర్రున తిరిగేది. మదనపల్లెలో చెవి డాక్టరమ్మ నన్ను పడుకోబెట్టి, తలను ఒక పక్కకీ, తర్వాత రెండో పక్కకీ తిప్పి లేపి కూర్చోబెట్టింది. అంతే, తిరుగుడు పోయింది. లోపలి చెవిలో సన్నటి రేణువులు చోటు తప్పాయని, తల తిప్పి వాటిని వెనక్కి పంపానని చెప్పింది. మందు లేదు, సూది లేదు. ఆ క్షణమే నాలో ఒక వైద్యుడు పుట్టాడు. ఇక రోగి దొరకడమే తరువాయి.

కుప్పం నుంచి అత్త పుంగనూరులో మా ఇంటికి వచ్చింది. నా భార్య లలితకు ఆమె కన్నతల్లి. మర్నాడు పొద్దున లేవబోయి, కళ్లు తిరిగి మంచం మీదే కూలబడింది. ఆస్పత్రికి పోదామంది లలిత. నేను చొక్కా చేతులు మడిచాను.

"నీకు తెలుసునా అప్పా ఇదంతా?" అంది అత్త అనుమానంగా.

"నాకు చేసిండేదే గదత్తా. నువ్వు ఊరికే పండుకో."

తలను మంచం అంచు కిందికి వాల్చి, నాకు చేసినట్టే ముందు కుడికి తిప్పాను. అత్తకేమీ కాలేదు. లలిత వైపు గర్వంగా చూసి, ఎడమకు తిప్పాను. భూమి ఆగేదాకా వదలనన్నట్టు అత్త నా కాలరు పట్టుకుని వేలాడింది. రాత్రి తిన్న రాగిసంగటి నా చొక్కా మీదికొచ్చింది.

లలిత చాలించమంది. "తిరుగుతాండాదంటే పనిచేస్తాండాదని అర్థం," అన్నాను నేను. చొక్కా మార్చుకొచ్చి, మళ్లీ మొదటి నుంచి చేశాను. ఆ చొక్కా కూడా పోయింది. మూడోసారి చెయ్యి చాచేసరికి లలిత కారు పిలిపించింది.

దారంతా అత్త కళ్లు తెరవలేదు. అప్పుడు మాత్రం నిజంగా భయమేసింది.

మదనపల్లెలో అదే డాక్టరమ్మ అత్త తలను రెండు పక్కలా వాల్చి కళ్లు పరీక్షించింది. నా ఘనకార్యం విని, "మీది కుడి చెవి. ఈమెది ఎడమ," అంది. మనిషికి రెండు చెవులుంటాయన్న సంగతి ఆ పూట నాకు తట్టనే లేదు మరి.

ఈసారి ఎడమ నుంచి మొదలుపెట్టి తిప్పింది. కాసేపటికి అత్త లేచి, ఎవరి సాయమూ లేకుండా తలుపు దాకా నడిచి, వెనక్కి తిరిగింది.

"డాక్టరమ్మా, నాకు తిరిగింది చెవిలోనంట. ఈయప్పకు తలే తిరిగిండాది. దానికేమన్నా ఉంటే సెయ్యమ్మా."

ఆ గడప మీదే ఒట్టు పెట్టుకున్నాను. ఇంకెవరి తలా తిప్పను. ఇంట్లో సీసా మూత తిప్పాలన్నా, ఏ పక్కకో ముందు లలితను అడుగుతాను.