అలాగేనండీ అన్న తర్వాత

ఈ ఉదయం కుళాయి తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. కృష్ణకు ఎర్రనీళ్ళు వచ్చిన రోజుల్లో విజయవాడలో మా వీధి కుళాయిలన్నీ ఇలాగే వాసనేస్తాయి. ఇరుగుపొరుగువాళ్ళు ముక్కు మూసుకుని తిట్టుకుంటారు. నాకు మాత్రం రత్నకుమారి మేడమ్ గుర్తొచ్చి, కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు. డిగ్రీలో మాకు మైక్రోబయాలజీ చెప్పిన మనిషి ఆమె. పోయి ఏడాది దాటినా నా దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది.

ఆమె దగ్గర ఒక విచిత్రమైన పద్ధతి ఉండేది. ల్యాబులో చేసిన ప్రయోగాన్ని ఇంట్లోవాళ్ళకో, కాలేజీ ఎదురుగా టీ అమ్మే ఆయనకో వివరించి, వాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటి తెచ్చి ఆమెకు చెప్పాలి. ప్రశ్న తేకపోతే రికార్డు మీద సంతకం పెట్టేవారు కాదు. మార్కులు రాలని పనికి మా ఊళ్ళో ఎవరు పూనుకుంటారు? ప్రశ్నలు మేమే కల్పించి చెప్పేవాళ్ళం. రెండో మాటకే పట్టేసేవారు. "ఇది మీ అమ్మ అడిగే ప్రశ్న కాదమ్మా, మీ గైడు పుస్తకంలోది" అని నవ్వి పంపేసేవారు. ఆ చాదస్తం ఎందుకో నాకు వరద వచ్చాకే తెలిసింది.

ఆ ఏడు కాలవ గట్టు దిగువనున్న కాలనీ మునిగింది. నీళ్ళు తీశాక మేడమ్ మమ్మల్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళారు. ఇళ్ళ ముందు తడిసిన పరుపులు, గుమ్మాల దాకా బురద. ఒక ఇంటి దగ్గర మా క్లాసు ఫస్టు కిరణ్ మాట్లాడాడు. కోలిఫారం బాక్టీరియా అన్నాడు, కంటామినేషన్ అన్నాడు, క్లోరిన్ లెక్కలు చెప్పాడు. అక్షరం తప్పు లేదు. ఇంటావిడ కొంగు భుజం మీదకు లాక్కుని, మధ్యమధ్య "అలాగేనండీ, అలాగేనండీ" అంటూ శ్రద్ధగా విన్నది. అంతా అయ్యాక, "పాపం గొంతెండిపోయి ఉంటది బాబూ" అని లోపలికెళ్ళి, ఏ నీళ్ళు తాగొద్దని ఇంతసేపూ చెప్పాడో ఆ సంపు నీళ్ళే గ్లాసుతో తెచ్చి అతనికిచ్చింది.

కిరణ్ నా చెవిలో, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందని గొణిగాడు. మేడమ్ విన్నారు. అతని చేతిలోని గ్లాసు తీసుకుని తడి మెట్టు మీదే కూర్చున్నారు.

"ఈ నీళ్ళు మంచివని ఎట్లా తెలిసిందండీ?" అని ఇంటావిడను అడిగారు.

"పటికేశాం కదండీ. అడుగు కనపడతంది చూడండి."

మేడమ్ చిటికెడు ఉప్పు అడిగి, గ్లాసులో వేసి కలిపారు. "ఇప్పుడూ అడుగు కనపడుతుంది. ఉప్పు కనపడుతుందా?"

"లేదండీ."

"పోయిందా మరి?"

ఆవిడ గ్లాసు వంకే చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. తర్వాత మెల్లగా, "పిల్లలకి క్యాన్ నీళ్ళే పోస్తన్నానండీ. మావగారే, అవి రుచుండవని ఇయ్యే తాగుతన్నారు. నిన్నట్నించీ వాంతులు" అన్నది. ఆయన్ను ఆటోలో ఆసుపత్రికి చేర్చాం. మళ్ళీ ఇంటికి రాలేదు.

పలకరించడానికి వెళ్ళి తిరిగొస్తూ మేడమ్, బస్సు దిగే ముందు, "వాళ్ళ చెవులు బాగానే ఉన్నాయమ్మా. మనం వారం ముందొచ్చినా ఆ మాటలే చెప్పి వెళ్ళేవాళ్ళం. ఆయన ఆ నీళ్ళే తాగేవాడు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు నేనూ అదే కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. మేడమ్ రిటైరై, జబ్బుపడ్డారు. ఆసుపత్రిలో మంచం పక్కన నేనే ఉన్నాను. కుర్ర డాక్టరు ఫైలు చూస్తూ గబగబా ఏవేవో చెప్పాడు. ఏ కణాలు ఎక్కడికి పాకాయో, ఏ మందుకు ఎందుకు లొంగడం లేదో, అంతా ఇంగ్లీషులో. ఆ మాటలకు అర్థం ఆమెకు తెలియక కాదు, జీవితమంతా అలాంటి పాఠాలే చెప్పారు. అయినా దుప్పటి అంచు సర్దుకుంటూ ఆమె, "అలాగేనండీ" అన్నారు.

డాక్టరు తృప్తిగా వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు తెలుసు. దాని వెనకే సంపు నీళ్ళ గ్లాసు వస్తుంది.

కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఏం చెప్పారు మేడమ్?" అని అడిగాను.

"మందు మారుస్తారటగా."

"లేదు మేడమ్. ఇక మందులు పనిచెయ్యవన్నారు. నొప్పి లేకుండా చూస్తారట. మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నారు."

ఆమె కిటికీ వైపు తిరిగారు. నా చెయ్యి పట్టుకుని, "ఎన్నాళ్ళుంటానమ్మా?" అని అడిగారు.

అది పుస్తకంలోని ప్రశ్న కాదు. ఆమె నా చేత తెప్పించాలనుకున్న ప్రశ్నలన్నీ అలాంటివే అయ్యుంటాయి. తెలిసినంత చెప్పాను, ఆమె నేర్పిన మామూలు మాటల్లోనే, తలుపు దాకా వినపడనంత మెల్లగా.

ఇప్పుడు నా క్లాసు పిల్లలూ ప్రశ్న తేనిదే రికార్డు మీద సంతకం పెట్టను. విసుక్కుంటారు, విసుక్కోనీ. పాఠం అయ్యాక అర్థమైందా అంటే క్లాసంతా ఒక్కసారే తలూపుతుంది. నాకు భయమేస్తుంది. సుద్దముక్క తీసుకుని మళ్ళీ మొదటినుంచి చెబుతాను.